మామయ్య కారుకు ధర కట్టిన రోజులు

మామయ్య అంబాసిడర్ కారు అమ్మేస్తానంటున్నాడని అత్తమ్మ ఫోన్ చేసి చెబితే నేను నవ్వేశాను. ఆ మాట ఆయన ఏడాదికోసారి అంటాడు. డీజిల్ ధర పెరిగినప్పుడో, బ్యాటరీ దిగిపోయినప్పుడో, బండి నడిరోడ్డు మీద మొండికేసినప్పుడో ఆ మాట అని, మర్నాడు పొద్దున్నే బకెట్టూ పాతగుడ్డా పట్టుకుని దాన్ని తుడుస్తూ కనిపిస్తాడు.

"ఈసారి అట్ల గాదు బిడ్డా. పట్నంకెల్లి ఒకాయన చూసిపోయేటందుకు వస్తున్నడంట," అంది అత్తమ్మ. ఆ గొంతులో సంతోషమూ లేదు, బాధా లేదు. అప్పుడు నా నవ్వు ఆగిపోయింది.

మామయ్య మా అమ్మకు అన్న. కోహీర్ దగ్గరి పల్లెలో ఎర్రనేల మీద కొంచెం పొలం, ఒక జామతోట ఆయన ఆస్తి. వాళ్లకు పిల్లలు లేరు. అమ్మ పోయాక నాకు పుట్టిల్లు అని చెప్పుకోవడానికి మిగిలింది ఆ ఇల్లే. నేను జహీరాబాద్‌లో ఉంటాను, బడిలో లెక్కలు చెబుతాను. మా ఆయనకు బోరు మోటార్లూ పైపులూ అమ్మే దుకాణం ఉంది. ఆదివారం వచ్చిందంటే నా స్కూటీ దానంతటదే కోహీర్ దారి పడుతుంది. అక్కడ అత్తమ్మ చేసిన జొన్నరొట్టె తిని, మామయ్యతో ఏదో ఒకదాని మీద పోట్లాడి వస్తే తప్ప నాకు వారం మొదలుకాదు.

కారు అమ్మడానికి కారణం అత్తమ్మ మోకాళ్లు. రెండూ అరిగిపోయాయి. కూర్చుంటే లేవలేదు, లేస్తే కూర్చోలేదు. గడప దాటాలంటే గోడ పట్టుకోవాలి. పొయ్యి దగ్గర పీట తీసేసి ఎత్తు స్టూలు వేయించుకుంది. పట్నంలో డాక్టరు ఎక్స్‌రేలు చూసి రెండు మోకాళ్లూ మార్చాల్సిందేనని, ఇంకా వాయిదా వేస్తే మంచం దిగడమే కష్టమవుతుందని చెప్పాడు. మందులూ, అక్కడ ఉండే ఖర్చూ అన్నీ వేసుకుంటే మూడున్నర లక్షల దాకా తేలింది. ఆ ఏడు జామకాయ చాలావరకు వడగళ్లకు రాలిపోయింది. పొలం అమ్మితే తర్వాత తినడానికేం ఉండదు.

నేనిస్తానన్నాను. అన్న ప్రతిసారీ మామయ్య చెవిలో ఏదో దూరినట్టు తల విదిలించి అవతలికి వెళ్లిపోయాడు. మా వైపు ఇళ్లలో ఒక పట్టింపు ఉంది. ఇంటి ఆడబిడ్డకు పెట్టాలి గానీ ఆమె దగ్గర తీసుకోకూడదు. ఆడబిడ్డ అన్నా, ఆమె కడుపున పుట్టిన మేనకోడలన్నా ఒకటే. మిగతా పట్టింపులు ఎన్ని వదిలేసినా దీన్ని మాత్రం మామయ్య వదల్లేదు. అమ్మ పోయాక కూడా కొన్నేళ్లకోసారి ఆయనా అత్తమ్మా కొత్తచీర, ఎండుకొబ్బరి కుడుకలు, పసుపు కలిపిన బియ్యం తెచ్చి, పీట మీద కూర్చోబెట్టి నా ఒడిలో పోసి వెళ్లేవాళ్లు. పుట్టింటివాళ్లు పోయాల్సిన ఒడిబియ్యం అది. అమ్మ లేదు కదా అని ఒక్కసారీ తప్పించలేదు. అటువంటి మనిషి నా చేతిలో డబ్బు ఎలా తీసుకుంటాడు? తీసుకోడు. తన దగ్గరున్నది అమ్ముకుంటాడు. ఆయన దగ్గరున్నది ఆ కారు.

అది నేను పుట్టకముందు కొన్న కారు. మీగడ రంగు, గుండ్రటి బానెట్టు, స్టీరింగు పక్కనే గేరు కర్ర. ఆ రోజుల్లో ఊళ్లో మరో కారు లేదు. కాబట్టి అది మామయ్య ఒక్కడి కారుగా ఎప్పుడూ లేదు. ఎవరికి నొప్పులొచ్చినా, ఎవరిని పాము కరిచినా, ఎవరి పెళ్లికూతురిని అత్తింటికి పంపాలన్నా ఆ ఇంటి ముందుకు మనిషి పరుగెత్తుకుంటూ వచ్చేవాడు. మామయ్య చొక్కా గుండీలు పెట్టుకుంటూ బయటికొచ్చేవాడు. ఆడవాళ్లెవరినన్నా దవాఖానకు తీసుకుపోవాలంటే అత్తమ్మ వెనక సీట్లో కూర్చుని వాళ్ల తల ఒళ్లో పెట్టుకునేది. డీజిల్ పోయిస్తే పోయించేవాళ్లు, లేకుంటే లేదు. ఆయన ఎవరినీ అడగలేదు.

నేను దవాఖానలో పుట్టి ఇంటికి వచ్చింది ఆ కారులోనే అట. నాకు గుర్తున్నవి తర్వాతివి. నా ఇంటర్ పరీక్షలప్పుడు బస్సులు బందయ్యాయి. మామయ్య తెల్లారకముందే కోహీర్ నుంచి వచ్చి నన్ను పరీక్షకు దింపి, నేను బయటికొచ్చేదాకా అక్కడే వేపచెట్టు కింద కారులో పడుకున్నాడు. ఒక్కరోజు కూడా పేపరెలా రాశావని అడగలేదు. "ఆకలైతుందా బిడ్డా?" అనే అడిగేవాడు. అమ్మకు జబ్బు చేసినప్పుడు పట్నం దవాఖాన చుట్టూ తిప్పింది ఆ కారే. ఇక చేసేదేమీ లేదని ఇంటికి పంపించేసినప్పుడు, ఆ రోడ్డు పొడవునా ఒక్క గుంత కూడా తగలకుండా నడిపాడు. అమ్మ తల నా ఒళ్లో ఉంది. ఆ దారిన ఎన్ని గుంతలుండేవో నాకు తెలుసు. ఆయన వాటిని ఎట్లా తప్పించాడో ఇప్పటికీ తెలియదు.

అటువంటి కారుకు ధర కట్టే పని నా నెత్తిన పడింది. "నువ్వు లెక్కల పంతులమ్మవు గదా, నువ్వే చూడు. మోసపోవద్దు, మోసం చేయొద్దు. నాయమైన ధర చెప్పు, అంతే," అన్నాడు మామయ్య.

ఆ వారమంతా నేను న్యాయమైన ధర కోసం తిరిగాను. పాత ఇనుము కొనేవాడు కారు చూడకుండానే ఎన్ని కిలోలుంటుందని అడిగాడు. నాకు ఒళ్లు మండి ఫోన్ పెట్టేశాను. చిరాగ్‌పల్లి దగ్గర హైవే మీదున్న మెకానిక్, ఇంజను బాగుంటే లక్ష, లేకుంటే చాయ్ తాగి పొమ్మన్నాడు. ఫోనులో వెతికితే ఇదే కారు ఒకచోట అరవై వేలు, మరోచోట ఐదు లక్షలు. ఆ ఐదు లక్షల కారు పక్కన ఒక పెళ్లికొడుకు నిలబడి ఉన్నాడు. మరి ధర కారుదో పెళ్లికొడుకుదో తెలియలేదు. మా ఆయన్ని అడిగితే, "కొనెటోడు ఎంత ఇస్తడో అదే ధర," అని పైపులు కొలుచుకుంటూ చెప్పాడు. దుకాణదారులు అంతే మాట్లాడతారు. నాకది నచ్చలేదు.

పట్నం నుంచి వచ్చినవాడు కుర్రవాడు. పాత కార్లు కొని, బాగుచేసి, పెళ్లిళ్లకూ ఫోటోలకూ అద్దెకిస్తాడట. వాటిని వింటేజ్ కార్లంటాడు. వస్తూనే చెప్పులు విప్పి, కారు చుట్టూ మెల్లగా తిరిగాడు. కిందికి వంగి సెల్‌ఫోన్ లైటు వేసి చూశాడు. తలుపు సందుల్లో, బానెట్టు అంచుల్లో రంగును గోటితో మెల్లగా గీకి చూశాడు. ఒకచోట మొహం దగ్గరగా పెట్టి చాలాసేపు ఉండిపోయాడు.

"ఇదంతా ఫస్ట్ పెయింటేనా అంకుల్? మళ్లీ వేయించలేదా?"

మామయ్య మొహం చిన్నబోయింది. "లేదు నాయనా. కొన్నప్పటిదే. ఎయ్యాల్సుండె," అన్నాడు, తప్పు చేసినవాడిలా.

కుర్రవాడు నా వైపు తిరిగి మూడున్నర అన్నాడు. నేను బేరమాడటానికి పొద్దున్నుంచీ మాటలు కూడబెట్టుకుని ఉన్నాను. వాడు మొదటే అంత అనేసరికి అవన్నీ నోట్లోనే ఉండిపోయాయి. దవాఖాన ఖర్చుకు సరిగ్గా సరిపోయే మొత్తం. బయానాగా కొంత ముందే ఇవ్వబోతే మామయ్య వద్దన్నాడు. బండి తీసుకుపోయే రోజే అంతా ఒకేసారి ఇమ్మన్నాడు. వచ్చే ఆదివారం బండి ఎక్కించుకుపోయే లారీతో వస్తానని కుర్రవాడు వెళ్లిపోయాడు. నేను అత్తమ్మను పట్టుకుని ఆమె మోకాళ్ల మీద రెండు చేతులూ పెట్టి, "అయిపోయింది, ఇగ ఫికర్ లేదు," అన్నాను. ఆమె నవ్వి, "ముందుగాల చెయ్యి తియ్యి, నొస్తుంది," అంది.

ఆదివారం నేను వెళ్లేసరికి వాకిట్లో ఒక నీలం కారు ఉంది.

ముందు ఎవరో చుట్టాలొచ్చారనుకున్నాను. దగ్గరికి వెళితే నెమలి మెడ రంగులో ధగధగలాడుతున్న మామయ్య అంబాసిడర్. బంపర్లకు వెండి రంగు. లోపల సీట్లకు కొత్త మెరూన్ రెగ్జిను. బానెట్టుకు పసుపూ కుంకుమా, ముందు అద్దం మీద బంతిపూల దండ. పక్కనే మామయ్య ఇస్త్రీ చొక్కాతో నిలబడ్డాడు.

"ఆ పిలగాడు గోటితోని గీకి గీకి చూసిండు గదా బిడ్డా. రంగు పోయిందని నోరు తెరిచి అనలే, మర్యాదస్తుడు. మనమే సమజ్ చేసుకోవాలె. అందుకే కొత్త రంగు ఏపిచ్చిన. ఎట్లున్నది?"

మామయ్య జీవితంలో అమ్మినవన్నీ ఎడ్లే. అంగడికి తోలుకుపోయే ముందు ఎద్దును చెరువులో కడిగి, కొమ్ములు గీకి రంగు పెట్టి, మెడకు గంటలు కట్టి తీసుకుపోవడమే ఆయనకు తెలుసు. కొనేవాడు నోరు తెరిచి పళ్లు చూస్తాడు, తోలు చూస్తాడు. ఎక్కడ పరీక్షగా చూస్తే అక్కడ లోపమున్నట్టు. ఆ కుర్రవాడు రంగును అంతసేపు చూశాడంటే రంగులోనే లోపముందని ఆయన లెక్క. దాచకుండా, మోసం చేయకుండా, లోపం సరిచేసి అప్పజెప్పాలనుకున్నాడు. మిగిలిన జామకాయలమ్మిన డబ్బు దానికే పెట్టాడు.

పాత కారుకు విలువ పాత రంగులోనే ఉంటుందని నాకు కూడా అప్పుడే తెలిసింది, కుర్రవాడి మొహం చూశాక. వాడు గేటు దగ్గరే ఆగిపోయి కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. మంచివాడు, గట్టిగా ఒక్క మాట అనలేదు. "అంకుల్, ఆ పాత రంగు కోసమే నేను అంత చెప్పిన. అది ఇప్పుడు ఎంత పెట్టినా రాదు," అని నిదానంగా వివరించాడు. ఇప్పుడైతే లక్షా డెబ్బై ఇవ్వగలనన్నాడు. అది కూడా ఇష్టంతో అన్నట్టు లేదు, మామయ్య మొహం చూసి అన్నట్టుంది.

మామయ్య అంతా విన్నాడు. "నువ్వు చెప్పింది నాయమే నాయనా," అన్నాడు.

నాకు కోపమొచ్చింది. ఎవరి మీదో తెలియని కోపం. కాసేపు మామయ్య మీద, కాసేపు కుర్రవాడి మీద, ఎక్కువసేపు ఆ నీలం రంగు మీద. ఆలోచించుకుని ఫోన్ చేయమని వాడు ఖాళీ లారీతో వెళ్లిపోయాడు. అత్తమ్మ తలుపు చట్రం పట్టుకుని నిలబడి అంతా చూసింది. ఒక్కో కాలూ ఈడ్చుకుంటూ లోపలికి వెళ్లింది. ఆ నడక చూసి నేను ఆగలేకపోయాను.

"మామా, కారు నేను కొంట. మూడున్నరకే కొంట."

"నీకేం తక్కువైంది బిడ్డా, ఈ పాత డొక్కుతోని ఏం జేస్తవ్?"

"నా ఇష్టం. కొనెటోళ్లకు కారణం ఉండాల్నా?"

"ఆడబిడ్డ పైసలు నేను ముట్ట. అదొకటి. రెండోది, నేనే రంగేసి ఖరాబ్ జేస్తి. ఖరాబైన దాన్ని బాగున్న ధరకు బయటోనికే అమ్మను, ఇంటి పిల్లకు అమ్ముతనా?"

నేను అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. ఆగలేదు. నా మనసులో ఉన్న కృతజ్ఞతంతా కోపంగా మారి బయటికొచ్చింది. నన్ను పుట్టినప్పుడు ఇంటికి తెచ్చింది, పరీక్షలకు తిప్పింది, అమ్మను తీసుకొచ్చింది, నా కాన్పుకు దవాఖానకు తీసుకుపోయింది, అన్నీ ఏకరువు పెట్టాను. "అవన్నీ లెక్కేసుకుంటే మూడున్నర ఏం ఎక్కువ? ఇంకా నేనే బాకీ పడత," అన్నాను.

మామయ్య నా వైపు తిరిగాడు. ఆయన కళ్లలో అంత దెబ్బతిన్న చూపు నేనెప్పుడూ చూడలేదు.

"అంటే, కిరాయి ఇస్తున్నవా బిడ్డా?" అన్నాడు. "నేను నడిపింది కిరాయి బండా?"

అని తాళంచెవి తీసుకుని జామతోట వైపు నడిచి వెళ్లిపోయాడు. నేను స్కూటీ మీద ఇంటికొస్తూ దారంతా ఏడ్చాను. హెల్మెట్ లోపల ఏడిస్తే ఎవరికీ కనపడదు, అదొక్కటే సౌకర్యం. ఆయన మాటలో తప్పేమీ లేదు. ఆయన నాకు ఇచ్చినవాటికి ధర ఉందని నేనే ఆయన మొహం మీద చెప్పాను. పోనీ డబ్బు మాట మానేద్దామంటే అత్తమ్మ గోడ పట్టుకుని నడుస్తోంది. కుర్రవాడి లక్షా డెబ్బైకి ఒక మోకాలే అవుతుంది. ఒకటి మార్చి ఒకటి అలాగే ఉంచితే మనిషి ఎట్లా నడుస్తుంది?

రెండు రోజులకు అత్తమ్మ ఫోన్ చేసింది. "బడి అయినంక రా. మీ ఆయన అక్కర్లేదు, నువ్వొక్కదానివే రా."

వెళ్లేసరికి ఆమె ఎత్తు స్టూలు మీద కూర్చుని చేటలో కందిపప్పు ఏరుతోంది. మామయ్య అరుగు మీద కూర్చుని రోడ్డు చూస్తున్నాడు. నాతో మాట్లాడలేదు, కానీ నా స్కూటీని ఎండలో పెట్టానని లేచి వెళ్లి నీడకు జరిపి వచ్చాడు. అత్తమ్మది న్యాల్‌కల్ అవతల కర్ణాటక సరిహద్దు ఊరు. పెళ్లై వచ్చి ఇన్నేళ్లైనా లెక్కపెట్టాల్సి వస్తే కన్నడంలోనే లెక్కపెడుతుంది. ఆ సాయంత్రం ఆమె పప్పులో రాళ్లు ఏరి పక్కన పెడుతూ, గొంతు పెంచకుండా మాట్లాడింది.

"ఆడబిడ్డ పైసలు ముట్టనంటివట."

"ముట్ట," అన్నాడు మామయ్య, వెనక్కి తిరగకుండా.

"మరి నేనెవరి బిడ్డను? నేను ఏ ఇంటి ఆడబిడ్డను గాదా? ఈ కారు కొన్ననాడు నా మెడలున్న గొలుసు, నా చేతులకున్న గాజులు, మా నాయన పెట్టినయి, తీస్కపోయి అమ్మితివి. ఆనాడు నీ పట్టింపు యాడ వోయింది?"

నాకు ఆ సంగతి తెలియదు. అత్తమ్మ చేతులకు మట్టిగాజులే చూశాను నేను, ఎప్పుడూ. ఆమెకు బంగారం మీద ఇష్టం లేదనుకున్నాను.

"నిన్ను అనాలని గాదు. నేనే తీసిచ్చిన. మంచిదే చేసినవు, ఊరందరికి అక్కరకొచ్చింది. కానీ కారు అమ్మేటప్పుడు నన్ను ఒక్కమాటన్న అడిగినవా? ఎవరికి, ఎంతకు అని అడిగినవా? రంగేసేటప్పుడన్న అడిగినవా?"

"లేదు," అన్నాడు మామయ్య.

"సగం కారు నాది. నీ సగం నువ్వు నీ మేనకోడలికి ఊకెనే ఇచ్చుకో. ఆడబిడ్డకు పెట్టినట్టు ఉంటది, నీ పట్టింపు నిలవడతది. నా సగం నేను అమ్ముత. అదీ నాయమైన ధరకే అమ్ముత. నేను ఆమెకు అత్తను, ఆమె పైసలు నేను ముట్టొచ్చు." నా వైపు తిరిగింది. "మూడున్నర లక్షలు. ఆ బంగారం ఇయ్యాల చేపిస్తే అంతకు ఎక్కువనే అయితది. తక్కువనే చెప్తున్న. కొంటవా?"

"కొంట అత్తమ్మా," అన్నాను.

సగం కారు మూడున్నర అంటే పూర్తి కారు ఏడు లక్షలు. లక్షా డెబ్బై చేసే నీలం రంగు బండికి. పిల్లలెవరైనా ఇట్లా లెక్క చేసుకొస్తే నేను ఎర్ర సిరాతో కొట్టేస్తాను. కానీ ఇన్నాళ్లుగా నేను విన్న ధరలన్నింటిలో, ఆ ఇంట్లో ముగ్గురం తలెత్తుకుని ఉండగలిగే ధర అదొక్కటే. అందులో కిరాయి లేదు, దానం లేదు. ఎవరు దేనికి ఏమిచ్చారో అంత ఉంది.

మామయ్య లేచి వాకిట్లోకి వెళ్లాడు. కారు తలుపు తీసుకుని లోపల కూర్చున్నాడు. స్టీరింగు మీద చేతులు పెట్టుకున్నాడు, ఎటూ పోలేదు. అత్తమ్మ పప్పు ఏరడం పూర్తిచేసింది. నేను చాయ్ పెట్టాను. చాయ్ చల్లారుతోందని పిలవడానికి వెళితే ఆయన కిందికి దిగి, నన్ను పక్కకు తీసుకుపోయి, అత్తమ్మకు వినపడకుండా మెల్లగా చెప్పాడు.

"బిడ్డా, మీ అత్తమ్మ ధర తక్కువ చెప్పింది. జర పెంచు."

నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. కానీ అత్తమ్మ చెవులు మోకాళ్లంత అరగలేదు. "పెంచేదేం లేదు. చెప్పిన మాట చెప్పిందే. చాయ్ తాగుర్రి," అని లోపల్నుంచి కేకేసింది.

నేను చీటీ ఎత్తాను, తక్కువైంది మా ఆయన దుకాణంలోంచి ఇచ్చాడు. డబ్బు అత్తమ్మ చేతిలో పెట్టాను, ఆమె నోట్లు కన్నడంలో లెక్కపెట్టుకుంది. మామయ్య ఆ పూట అటువైపు చూడలేదు. కారు నా పేరు మీదికి మారిన రోజు మాత్రం ఒక కొత్తచీర, ఒక కుడుక తెచ్చి తన సగం నాకు పెట్టాడు. పట్నంలో ఆపరేషను జరిగింది. రెండు కాళ్లకూ. తర్వాత నెలలు అత్తమ్మకు కష్టంగానే గడిచాయి. కాలు మడవమంటే డాక్టర్నీ, కాళ్లకు కసరత్తు చేయించే అమ్మాయినీ, చివరికి నన్నూ తిట్టింది. మామయ్యను మాత్రం తిట్టలేదు. ఆయన రోజూ ఆమె కాళ్ల దగ్గర కూర్చుని, చెప్పినన్ని సార్లు మడిపించి, చాపించాడు. వంట నేర్చుకున్నాడు. ఉప్పు మాత్రం నేర్చుకోలేదు.

కారు నీలంగానే ఉంది. బడికి వేసుకెళితే పిల్లలు పెళ్లికారు వచ్చిందని అరుస్తారు. రంగు మార్పిద్దామా అని మా ఆయన అడిగితే ఇంటికి రావద్దన్నాను. మామయ్య తన చేతిలో ఉన్న డబ్బంతా పెట్టి, అత్తమ్మ కాళ్ల కోసం వేయించిన రంగు అది. పొరపాటే కావచ్చు. దానికంటే మంచి పొరపాటు నాకు తెలియదు.

మొన్న ఇద్దరినీ దవాఖానకు తీసుకువెళ్లాను. ఇక రానక్కర్లేదని డాక్టరు చెప్పాడు. తిరిగొచ్చేటప్పుడు నేను నడుపుతున్నాను, అత్తమ్మ నా పక్కన, మామయ్య వెనక సీట్లో. ఆయన తన కారులో వెనక కూర్చోవడం అలవాటు లేక, గేరు మార్చినప్పుడల్లా "క్లచ్చి, క్లచ్చి" అంటున్నాడు. హైవే దిగి ఊరి రోడ్డుకు మళ్లగానే అత్తమ్మ నా చేయి తట్టింది.

"ఆపు. దిగుత."

"ఏమైంది అత్తమ్మా, నొస్తుందా?"

"నొస్తలేదు. అందుకే దిగుత."

తలుపు తీసుకుని తనంతట తాను దిగింది. చీర కుచ్చిళ్లు సర్దుకుని, కారును చూడకుండా, ఊరి వైపు నడక మొదలుపెట్టింది. గోడ లేదు, కర్ర లేదు. మామయ్య కాసేపు వెనక సీట్లోంచి కిటికీలో తల పెట్టి, "ఎక్కు, ఎండ ఉన్నది, ఎక్కు" అని అరిచాడు. ఆమె వినలేదు. అప్పుడాయన కూడా దిగి, వేగంగా నడిచి ఆమెను అందుకున్నాడు. ఇద్దరూ రోడ్డు మధ్యలో పక్కపక్కన నడుస్తున్నారు.

నేను మొదటి గేరులో, వాళ్ల నడకకు సరిపడా మెల్లగా, వెనకే వెళుతున్నాను. ఇన్నేళ్లు నన్ను మోసినవాళ్లు ముందు నడుస్తుంటే చూడగలిగినందుకు ఎవరికి దండం పెట్టాలో తెలియలేదు, కళ్లు తుడుచుకున్నాను. వెనక ఒక ట్రాక్టరు వచ్చి హారన్ కొట్టింది. మళ్లీ కొట్టింది. నేను దారి ఇవ్వలేదు.